తీగ మీది వేళ్ళు

ఎవరి వీపు వాళ్ళకు కనపడదు. దేవుడు మనిషి ఒళ్ళంతా మనిషికే అప్పజెప్పి, ఆ ఒక్క చోటు మాత్రం పక్కవాళ్ళకు వదిలిపెట్టాడు. కాబట్టి తన వీపున గడ్డ లేచిందని హంపమ్మకు తెలియకపోవడంలో వింతేమీ లేదు. దాన్ని కనిపెట్టింది ఇంట్లోవాళ్ళు కాదు, రైకలు కుట్టే జ్ఞానమణి. వింత అది.

మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారని, కొత్త రైకకు కొలతలు ఇవ్వడానికి పోయింది హంపమ్మ. జ్ఞానమణి టేపు పట్టుకుని, "చేతులు ముందుకు సాపు పెద్దమ్మా" అంది. హంపమ్మ చాపింది. టేపు కుడి రెక్క ఎముక కింద ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఈడేందో కోడిగుడ్డంత ఉండాదే!"

"యాడ?"

"ఇదో, ఈడ. చెయ్యి దించు. అయ్యో, పాయ! మళ్ళా ఎత్తు. వచ్చె సూడు! ఏంది పెద్దమ్మా ఇది, దాగుడుమూతలాడతాంది! నొప్పి లేదా?"

"పనిచేసే ఒంటికి నొప్పి లేనిదెప్పుడు? చెయ్యెత్తితే లోపల టిక్కుమంటాది. ముసలి కీళ్ళు గదా అనుకొంటి."

హంపమ్మకు యాభై ఎనిమిదేళ్ళు. పత్తికొండ పక్క పల్లె. మొగుడు వీరభద్రప్ప, అయిదెకరాల మెట్టచేను, ఎప్పుడు పలుకుతుందో ఎప్పుడు అలుగుతుందో తెలియని బోరు. కూతురు అంజలిని డోన్‌లో ఇచ్చారు. ఇదే గడ్డ ఏడేళ్ళ ముందు లేచి ఉంటే వేరుశనగ విత్తనమంత ఉన్నప్పుడే దొరికిపోయేది. అప్పట్లో ఆమె వీపుకు యజమాని వేరే ఉండేది. ఆ యజమాని పేరు ఉరుకుందమ్మ.

ఉరుకుందమ్మ వీరభద్రప్పకు అన్న పెళ్ళాం, అంటే హంపమ్మకు తోడికోడలు. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు గాని ఈ రెండు కొప్పులూ పాతికేళ్ళు ఇమిడాయి. ఊరి బావి పన్నెండు మట్లు, అంటే పన్నెండు నిలువుల లోతు. గిలక మీద తాడు వేసి ఒకరు ముందు, ఒకరు వెనక నిలబడి చేదేవాళ్ళు. రోజుకు ముప్పై బిందెలు, ఇంటికీ గొడ్లకూ కలిపి. ఒకసారి హంపమ్మ చేతిలోంచి తాడు జారిపోతే, ఉరుకుందమ్మ ఒక్కతే బిగబట్టి ఆపింది. ఆమె ఎడమచేతి చిటికెన వేలు తాడు కింద నలిగి అప్పటినుంచి వంకరగానే ఉండిపోయింది.

ప్రతి శుక్రవారం తలస్నానం. హంపమ్మ వీపు ఉరుకుందమ్మ రుద్దేది, ఉరుకుందమ్మ వీపు హంపమ్మ రుద్దేది. దానికో నున్నటి నల్లరాయి ఉండేది, వంక దగ్గర ఏరి తెచ్చింది. "మెల్లగక్కా, తోలు ఊడొస్తాంది" అని హంపమ్మ అరిస్తే, "తోలు కాదు, మురికి. గమ్మునుండు" అని నెత్తిన ఒక మొట్టికాయ పడేది. మొగుళ్ళకు చెప్పుకోని మాటలన్నీ ఆ వేడినీళ్ళ ఆవిరిలోనే జరిగేవి.

అన్నదమ్ములు వేరుపడ్డారు. వాకిట్లో అడ్డంగా మనిషెత్తు గోడ లేచింది. గోడను చూసి భయపడే ఆడవాళ్ళా వీళ్ళు! దాని మీదుగా కూరగిన్నెలు నడిచాయి, మాటలు నడిచాయి. తర్వాత ఒక కరువు సంవత్సరం వచ్చింది. పెద్దాయన బోరు ఎండిపోయింది. ఉరుకుందమ్మ బిందె తీసుకుని వచ్చింది. హంపమ్మ నింపి పెట్టింది. అరుగు మీద కూర్చున్న వీరభద్రప్ప అన్నాడు:

"మా బోరే మూడు బిందెలకు తన్నుకుంటాంది వదినా. రేపట్నుంచి ట్యాంకరు సూసుకోండి."

హంపమ్మ ఒక్క మాట అనాల్సింది. 'ఊకో, నీళ్ళు నావీ' అంటే సరిపోయేది. నోట్లో బెల్లంగడ్డ ఉన్నట్టు నిలబడింది. ఉరుకుందమ్మ మరిదిని చూడనైనా లేదు. నిండుబిందె ఎత్తి హంపమ్మ కాళ్ళ దగ్గర కుమ్మరించింది.

"ఆయప్ప మాట నాకు తగల్లేదు హంపీ. నువ్వు గమ్మునుండావు సూడు, అది తగిలింది."

అంతే. ఏడేళ్ళుగా మాటల్లేవు.

మాటలు పోయాయి గాని చెవులు పోలేదు కదా. గోడ అవతల ఉరుకుందమ్మ దగ్గితే హంపమ్మకు తెలుసు, కోడిని తిడితే తెలుసు, చారులో ఇంగువ ఎక్కువేస్తే తెలుసు. కళ్ళకు మాత్రం దొరికేది ఒక్కటే. అవతల బట్టలారేసే తీగ గోడకు జానెడు పైన ఉండేది. ఉరుకుందమ్మ చీర ఆరేసేటప్పుడు వేళ్ళు కనపడేవి. ఎనిమిది వేళ్ళు, వాటిలో ఒకటి వంకర. హంపమ్మ చాట చేతబట్టుకుని ఆ వేళ్ళ కోసం నిలబడేది. బియ్యంలో రాళ్ళు ఏరుతోందని ఊరు అనుకునేది. పిచ్చిది, ఏడేళ్ళలో ఎన్ని రాళ్ళుంటాయి బియ్యంలో?

రెండేళ్ళ కిందట ఉరుకుందమ్మ ఆ తీగ విప్పించి రొమ్ముల ఎత్తున కట్టించింది. ఇక వేళ్ళూ లేవు.

"ఆ నాలుగు వేళ్ళన్నా కనపడకూడదంట నాకు. అంత కానిదాన్నయిపోతినా!" అని హంపమ్మ ఆ పూట అన్నం తినలేదు. మొగుడు అడిగితే పంటినొప్పి అంది.

శుక్రవారాలు స్నానాల గదిలో కడప బండ గోడకు వీపు ఆనించి గేదె రుద్దుకున్నట్టు రుద్దుకునేది. గోడకు గడ్డలు తెలుస్తాయా?

ఊళ్ళో సూదులు వేసే శేషన్న గడ్డను నొక్కి చూశాడు. "గట్టిగా ఉండాది. కదల్లేదు. నొప్పి లేదంటావు. నేనేం సెప్పలేను గాని, బిన్నె కర్నూలుకు పొండి, తడవు సెయ్యాకండి" అన్నాడు. పాపం, అతను అన్నది అంతే. మిగతాది ఊరు అంది. సాయంత్రానికల్లా హంపమ్మకు రాచపుండు వచ్చింది.

ఇక పలకరింపులు మొదలయ్యాయి. ఆ పల్లెల్లో ఒక కట్టుబాటు ఉంది. మాటల్లేనివాళ్ళు పెళ్ళికి రాకపోవచ్చు, పేరంటానికి రాకపోవచ్చు. చావుకూ పెద్దరోగానికీ మాత్రం రావాలి. వచ్చి గడప తొక్కితే ఆ తగాదా అక్కడితో సరి, మళ్ళీ ఎత్తకూడదు. అయితే రోగం పెద్దదై ఉండాలి. జలుబుకూ జ్వరానికీ వస్తే, 'ఎప్పుడెప్పుడు కలుద్దామా అని కాసుక్కూర్చునింది' అని లోకువ కడతారు. అందుకే రోషమున్నవాళ్ళు చిన్నరోగాలకు కదలరు. ఉరుకుందమ్మకు రోషం తక్కువా? ఊరికంతా పంచగా ఇంకా మిగిలేంత ఉంది.

వచ్చినవాళ్ళు బత్తాయిలు తెచ్చారు, బ్రెడ్డు తెచ్చారు, తమ చుట్టాల్లో ఎవరెవరు ఎట్లా పోయారో వివరంగా చెప్పి పోయారు. అడుగుల చప్పుడు వినపడితే చాలు హంపమ్మ గడప వైపు చూసేది. అందరూ వచ్చారు. గోడ అవతలి మనిషి రాలేదు.

"రోగం ఇంకా ఖాయం కాలేదు గదా, అందుకే రాలేదు. కర్నూల్లో పేరు పెడితే వస్తాది" అని తనకు తానే సర్దిచెప్పుకుంది. చావు భయం లేదని కాదు. దానికంటే ఈ ఆశ పెద్దదైపోయింది, ఏం చేస్తాం!

అంజలి డోన్ నుంచి వచ్చి తల్లిని కర్నూలుకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ పేరు సాహితి. కడప పిల్ల, మాటలో ఆ యాస తెలిసిపోతూనే ఉంది. గడ్డను పట్టి చూసింది, చెయ్యి దింపించింది, ఎత్తించింది.

"ఇప్పుడు ఎవుర్నన్నా కావలించుకున్నట్టు చేతులు సాపు పెద్దమ్మా."

హంపమ్మ చేతులు చాపి అట్లాగే నిలబడింది. ముందు గోడ, గోడకు క్యాలెండరు. ఎవరినని కావలించుకుంటుంది? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పేమో అనుకుని డాక్టరమ్మ చెయ్యి తీసేసింది.

"నొప్పి కాదు తల్లీ. సూడు నువ్వు."

"చిన్నప్పట్నుంచి ఏం పని చేస్తాంటివి?"

"సేని పని. ఇంకా, నీళ్ళు సేదుతాంటిమి. పన్నెండు మట్ల బావి. పాతికేండ్లు."

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. ఆ రోజు ఒక స్కానింగు, మరో రోజు గొట్టంలోకి పంపే పెద్ద స్కానింగు. వారం తర్వాత రమ్మంది. తల్లీకూతుళ్ళు మళ్ళీ పోయారు. డాక్టరమ్మ నవ్వుతూ ఉంది. ఆ నవ్వు చూడగానే హంపమ్మ గుండెలో రాయి పడింది.

"పెద్దమ్మా, ఇది క్యాన్సర్ కాదు. ఎలాస్టోఫైబ్రోమా అంటారు. మాకు ఎప్పుడో గాని కనపడదు. రెక్క ఎముకకూ పక్కటెముకలకూ నడుమ పీచూ కొవ్వూ పొరలు పొరలుగా పేరుకొంటాది, అంతే. చేతులు సాపి బరువులు లాగినోళ్ళకు, నీ వయసు ఆడోళ్ళకు ఎక్కువగా వస్తాది. ఎడమ పక్క ఇంకోటి ఉండాది, చిన్నది. రెండు పక్కలా ఉండాది, స్కానింగులో ఆ చారలు తేటగా ఉండాయి. ముక్క తీసి చూసే పని గూడా లేదు."

అంజలి తల్లి భుజం పట్టుకుని భోరున ఏడ్చేసింది. హంపమ్మ ఏడవలేదు.

"కోస్తారా?"

"దేనికి? కోస్తే ఆ గుంతలో నీరు చేరి లేనిపోని బాధ. నొప్పి ఓర్చుకోలేకపోతే అప్పుడు చూద్దాం. ఆరు నెలలకొకసారి కనపడిపో."

"ముందు ముందన్నా రాచపుండు అవుతాదా?"

"కాదు పెద్దమ్మా. భయపడొద్దు."

"ఇంకొక్కసారి గట్టిగా సూడు తల్లీ. ఏమన్నా ఉండాదేమో."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "గడ్డ మంచిదంటే మొగం వేలాడేసినోళ్ళను ఇంతవరకూ నేను సూళ్ళేదు. ఏంది పెద్దమ్మా సంగతి?"

ఏమని చెబుతుంది? మా అక్క రావాలంటే నాకు చావు రావాలని చెబుతుందా? "ఏం లేదులే తల్లీ, నీ కడుపు సల్లగుండ" అని లేచింది.

బస్సు డోన్‌లో ఆగింది. దిగబోతూ అంజలి ఫోను తీసి, "నాయనకు సెప్తానుండు" అంది. హంపమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు. నేనే సెప్తా. మొగం సూసి సెప్పల్ల ఇట్లాటివి."

అంజలి మురిసిపోయి దిగింది. ఎంత ప్రేమ అమ్మకు నాయన మీద, అనుకుని ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి వీరభద్రప్ప అరుగు మీద నిలబడి ఉన్నాడు. "ఏమన్నారే?" అన్నాడు.

"ఇంకొక పరీక్ష రావల్లంట" అంది హంపమ్మ. రిపోర్టు కవరు తెచ్చి జొన్నల డబ్బా వెనక దాచింది.

అబద్ధం ఆడటం తేలిక, దానితో కాపరం చెయ్యడం కష్టం. ఆ ముసలాయన రొట్టె సగం తిని సగం వదిలేసేవాడు. ఎన్నడూ బిందె ముట్టనివాడు తెల్లారకముందే స్నానాలగదికి నీళ్ళు మోసి పెట్టేవాడు. "నువ్వు ఎత్తొద్దు, నేనుండా గదా" అనేవాడు. చాటుగా తువ్వాలుతో కళ్ళు ఒత్తుకునేవాడు. హంపమ్మ అది చూసి, 'పాపిష్టిదాన్ని, ఈయప్పను ఇట్ల ఏడిపిస్తాండా. సెప్పేద్దాం' అని నోరు తెరిచేది. అంతలో గోడ అవతల బిందె చప్పుడయ్యేది. 'రేపు సెప్తా. ఈ ఒక్క దినం సూస్తా' అని నోరు మూసుకునేది. అట్లా ఒక్కొక్క దినం చొప్పున నాలుగు దినాలు పోయాయి.

అయిదో రోజు శుక్రవారం. వీరభద్రప్ప చేనికి పోయాడు. ఈ పూట వచ్చాక చెప్పేస్తానని ఉరుకుంద ఈరన్న స్వామి మీద ఒట్టుపెట్టుకుని, హంపమ్మ నీళ్ళ కాగు కింద మంట పెట్టింది. వెనక తలుపు కిర్రుమంది.

గడప లోపల ఉరుకుందమ్మ నిలబడి ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. చేతిలో బత్తాయిలు లేవు, బ్రెడ్డు లేదు. నల్లరాయి ఉంది.

"లెయ్. రైక ఇప్పు" అంది.

ఏడేళ్ళ తర్వాత మొదటి మాట అది. హంపమ్మ లేచి స్నానాలగదిలో పీట మీద కూర్చుంది. చెంబెడు వేడినీళ్ళు వీపున పడ్డాయి. తర్వాత ఆ చెయ్యి పడింది. ఆ చిటికెన వేలు వంకర తోలుకు తెలిసింది. అమ్మా, ఆ చెయ్యి! హంపమ్మ మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడ్వాకు. నిన్న నీ మొగుడొచ్చి మా గడపలో కూసున్యాడు. నీళ్ళు లేవన్న నోరు నాది వదినా, దానిది కాదు, అది సచ్చిపోతాంది అనె. ఏడేండ్ల కిందటి మాటకు నిన్న ఏడుపొచ్చినాది ఆయప్పకు!"

రాయి మెల్లగా కదులుతోంది. ఎప్పుడూ లేనంత మెల్లగా. కుడి రెక్క దగ్గరికి వచ్చి ఆగింది.

"చేతులు ముందుకు పెట్టు" అంది ఉరుకుందమ్మ. గడ్డ పైకి వచ్చింది. వేళ్ళు దాని చుట్టూ తిరిగాయి, ఒకసారి, రెండుసార్లు, చాలాసేపు.

"ఇదేనా?"

"ఊఁ."

"చెయ్యి పైకెత్తితే టిక్కుమంటాదా?"

"అంటాది."

"దించితే లోపలికి పోతాదా? ఆ పక్క గూడా చిన్నది ఉండాదా?"

"ఉండాదంట."

"ఇది వస్తే... ఎన్ని దినాలుంటారంట హంపీ?"

గొంతులో ఏదో తేడా. హంపమ్మ ఏడుపు ఆగిపోయింది. టిక్కుమనే సంగతి ఈమెకెవరు చెప్పారు? ఎడమపక్కది ఊళ్ళో ఎవరికీ తెలియదే? తీగ గుర్తొచ్చింది. తడి ఒంటితోనే గిర్రున వెనక్కి తిరిగింది.

"అక్కా. తీగ ఏంటికి కిందికి కట్టిస్తివి?"

ఉరుకుందమ్మ తల తిప్పుకుంది. "చెయ్యి ఎత్తలేక. ఎత్తితే లోపల ఏందో అడ్డం పడతాండె. రెండేండ్లాయె. సేత్తో తడుముకుంటే గడ్డ. రాచపుండే అయింటాదని ఎవురికీ సెప్పలే. ఎవురికి సెప్పేది, వీపు సూసేదెవురు నాకు? నీకూ అదే అని ఊరంతా అంటాంటే, ఇద్దరమూ ఒకేసారి పోతామని..."

రెండేళ్ళు! తను అన్నం మానేసి తిట్టుకున్న రెండేళ్ళూ ఈమె గోడ అవతల ఒక్కతే చావును మోసుకుంటూ తిరిగింది. తను నాలుగు రోజుల్నుంచి దాచిపెట్టిన కాగితం ఈమెకు ప్రాణం. చెబితే తన దొంగతనం బయటపడుతుంది. మళ్ళీ బిందె కాళ్ళ మీద కుమ్మరించి పోతుందేమో, ఈసారి పోతే ఇక చావుకే రావడం. పోతే పోనీ. ఆనాడు నోరు మూసుకున్నది చాలు.

"అక్కా, రాచపుండు కాదు ఇది. పీచుగడ్డ. ఏమీ సెయ్యదు. కొయ్యాల్సిన పని గూడా లేదంట. తాడు లాగినోళ్ళకు వస్తాదంట. డాక్టరమ్మ సెప్పింది."

"ఎప్పుడు సెప్పింది?"

"సోమారం."

"సోమారం సెప్తే, నీ మొగుడు నిన్న ఏంటికి ఏడ్సె?"

హంపమ్మ తల వంచుకుంది. "ఆయప్పకు సెప్పలేదు. ఎవురికీ సెప్పలేదు. సెప్తే నువ్వు రావు గదా."

కాగులో నీళ్ళు తెర్లుతున్నాయి. ఉరుకుందమ్మ రాయి కింద పెట్టింది. తొట్టిలో చెంబు ముంచింది, నిండుగా. హంపమ్మ కళ్ళు మూసుకుంది.

నీళ్ళు నెత్తిన పడ్డాయి.

"దొంగముండా!" అంది ఉరుకుందమ్మ. ఇంకో చెంబు పడింది. "సచ్చిపోతాండావని రాత్రంతా కన్ను మూయలేదే నేను!" ఇంకో చెంబు. ఆ తర్వాత చెంబు జారి బండ మీద పడింది, ఆమె గోడకు ఆనుకుని అట్లాగే కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. "నిజంగానా హంపీ? సావనా నేను?"

"సావవు. నాకే సావు లేదంటే నీకేంటికి వస్తాది? కానీ రేపు కర్నూలుకు పోదాం. నీది గూడా డాక్టరమ్మ సూసి, ఫోటో తీసి సెప్పల్ల. మన మాట కాదు ఇది. లెయ్, యాడుండాదో ముందు నన్ను సూడనీ. ఆయమ్మ నాకు సేసినట్టు సేస్తా. చేతులు ముందుకు సాపు, ఎవుర్నన్నా కావలించుకున్నట్టు."

"ఎవుర్ని?"

"అడగతాది సూడు మళ్ళా!"

ఉరుకుందమ్మ చేతులు చాపింది. ఎదురుగా క్యాలెండరు లేదు, హంపమ్మ ఉంది. ఆ రెండు చేతుల మధ్యకు పోయి, తన చేతులు ఆమె వెనక్కి పోనిచ్చి, రెక్కల కింద తడిమింది హంపమ్మ. తడి జుట్టు నుంచి నీళ్ళు కారి ఉరుకుందమ్మ భుజం తడిసిపోతోంది.

"సూస్తివా? దొరికెనా?" అంది ఉరుకుందమ్మ కాసేపటికి.

గడ్డ మొదటిసారికే చేతికి తగిలింది.

"ఇంకా దొరకలేదక్కా, ఉండు" అంది హంపమ్మ.